మొదటామె బయటికెళ్లగానే తలుపేసేశారు

(గుంటూరులో మా లైబ్రరీ నెలవారీ మీటింగులో మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసి విని టైపు చేశాం, మాటలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాను సౌండుకి ఇబ్బందిగా ఉంటే ముందుకి రండి, కుర్చీలున్నాయి.

నాకిచ్చిన టాపిక్ అమెరికా చరిత్రలో కట్టుబాట్లు దాటిన ఆడవాళ్లు అని. అది సముద్రమండి. విమానాలు నడిపినవాళ్లున్నారు, ఓటు కోసం జైలుకెళ్లినవాళ్లున్నారు, బానిసత్వం నుంచి తప్పించుకుని బయటపడి కూడా మళ్లీ మళ్లీ వెనక్కెళ్లి మిగతావాళ్లని తీసుకొచ్చిన హారియట్ టబ్మన్ ఉంది, అందరి గురించి తలా రెండు ముక్కలు చెప్తే మీకూ గుర్తుండదు నాకూ తృప్తి ఉండదు. అందుకని నేను ఒక్క కాలేజీ పట్టుకుంటాను. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమని పెట్టిన మెడికల్ కాలేజీ, 1850లో పెట్టారు.

ఎందుకదే అంటే, నేను పుట్టింది ఇక్కడే, మన కుగ్లర్ ఆస్పత్రిలో. ఈ హాల్లో అక్కడ పుట్టినవాళ్లు ఇంకెంతమంది, ఒకసారి చేతులెత్తండి... చూశారా, సగం మంది ఉన్నారు. మరి కుగ్లర్ అంటే ఎవరు? నాకైతే యాభై ఎనిమిదేళ్లొచ్చేదాకా తెలీదు, అదేదో ఆస్పత్రి పేరు అంతే అనుకున్నాను. మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లాను కదా, వాళ్లుండేది ఫిలడెల్ఫియా దగ్గర. ఒకరోజు పాపకి పాలు పట్టిస్తూ మా అమ్మాయి ఫోన్‌లో ఒక పాత ఫొటో చూపించింది. 1885లో తీసింది. ముగ్గురు అమ్మాయిలు వరసగా కూర్చున్నారు, ఒకమ్మాయి చీరలో, ఒకమ్మాయి జపాన్ కిమోనోలో, ఇంకో అమ్మాయి సిరియా వాళ్ల బట్టల్లో. ముగ్గురూ ఆ కాలేజీలో డాక్టరు చదువుతున్నారు. చీరలో ఉన్నమ్మాయి ఆనందీబాయి జోషి. అమ్మా ఈ కాలేజీ ఇక్కడేనంట అంది మా అమ్మాయి. ఇంక నేను దాని గురించి చదవడం మొదలుపెట్టాను, చదువుతూ పోతుంటే ఒకచోట గుంటూరు అని కనపడింది. ఎక్కడో ఫిలడెల్ఫియా కాలేజీ కథలో మన ఊరి పేరు. అక్కడ దొరికింది నాకు అన్నా కుగ్లర్.

సరే, ముందు నుంచి చెప్తాను.

అమెరికాలో మెడికల్ డిగ్రీ తీసుకున్న మొదటి ఆడమనిషి ఎలిజబెత్ బ్లాక్‌వెల్. ఇంగ్లండులో పుట్టింది, 1832లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు అమెరికా వచ్చారు. ఆవిడకి మొదట్లో డాక్టర్ అవ్వాలని లేదండి, శరీరం, రోగం అంటేనే ఏవగింపుగా ఉండేదని తనే రాసుకుంది. కానీ తెలిసినావిడ ఒకామె జబ్బుతో చనిపోతూ, నాకు వైద్యం చేసేది ఆడమనిషయ్యుంటే నేను పడ్డ బాధలో చాలాభాగం పడేదాన్నే కాదు అందట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది ఇది, వేరే ఖండం నుంచి వస్తుంది.

కాలేజీలకి అప్లికేషన్లు పెడుతూ పోయింది, అన్నీ కాదన్నాయి. చివరికి న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అని చిన్న ఊళ్లో కాలేజీ ఒకటి. అక్కడి ప్రొఫెసర్లకి నేరుగా కాదనడానికి మొహమాటం, అందుకని స్టూడెంట్లనే ఓటెయ్యమన్నారు, ఒక్కడు వద్దన్నా చేర్చుకోం అన్నారు. ఆ కుర్రాళ్లు ఇదేదో పక్క కాలేజీ వాళ్లు చేసిన తమాషా అనుకుని అందరూ సరే అనేశారు. నిజంగానే ఒకరోజు ఆవిడ క్లాసులోకి వచ్చి కూర్చుంది. 1847 అది. ఊళ్లో ఆడవాళ్లు ఆవిడ వీధిలో పోతుంటే ఆగి మరీ చూసేవాళ్లట, వింత జంతువుని చూసినట్టు, పలకరించేవాళ్లు కాదు. అనాటమీ ప్రొఫెసరు పునరుత్పత్తి అవయవాల పాఠం రోజున మీరు రాకపోతే బావుంటుంది అన్నాడు. నేను స్టూడెంటుని, నాకు అన్ని పాఠాలూ కావాలి అని ఉత్తరం రాసి పంపింది. ఆ ఉత్తరం క్లాసులో చదివితే కుర్రాళ్లే ఆవిడ పక్షాన నిలబడ్డారు. నేను ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పానండి, ఆ పాఠం వచ్చినప్పుడు తలవంచుకుని పేజీ తిప్పేసే లెక్చరర్లని ఎంతమందిని చూశానో, అందుకే ఈ ఉత్తరం ముచ్చట నాకు చాలా ఇష్టం. 1849 జనవరి 23న డిగ్రీ తీసుకుంది, క్లాసులో ఫస్టు.

ఆ తర్వాత పారిస్ వెళ్లి ప్రసూతి ఆస్పత్రిలో చేరింది, కంటి ఇన్‌ఫెక్షన్ ఉన్న పసిబిడ్డకి కళ్లు కడుగుతుంటే ఆ నీళ్లు చింది ఈవిడ కంట్లో పడ్డాయి. ఒక కన్ను పోయింది. సర్జన్ అవుదామనుకుంది, ఆ ఆశ అక్కడితో సరి. న్యూయార్క్ తిరిగొచ్చి క్లినిక్ పెడదామంటే గది అద్దెకిచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆడ డాక్టరు అని బోర్డు పెట్టారంటే దొంగచాటుగా గర్భాలు తీసే మనిషని అర్థం. ఆ పేరు మీదే పడ్డ మచ్చని ముందు కడగాల్సొచ్చింది ఆవిడకి.

ఇంతవరకూ స్కూలు పుస్తకాల్లో కూడా ఉంటుంది. మొదటి మహిళా డాక్టర్, క్విజ్ పోటీలో ఒక మార్కు. కానీ ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. ఎలిజబెత్ బయటికెళ్లగానే జెనీవా కాలేజీ వాళ్లు తలుపేసేశారు. ఇంక ఆడవాళ్లని తీసుకోం అన్నారు. ఎలిజబెత్ సొంత చెల్లెలు ఎమిలీ అప్లై చేస్తే ఆవిడనీ కాదన్నారు, పాపం ఆ పిల్ల ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి చివరికి క్లీవ్‌లాండ్‌లో 1854లో డిగ్రీ తెచ్చుకుంది. అంటే చూడండి, ఒకామె లోపలికి వెళ్లినంత మాత్రాన దారి పడిపోదు. ఒక్కోసారి ఆ ఒక్కామెని చూపించి, చూశారా ఒకామెని చేర్చుకున్నాంగా, ఇంకేంటి అంటారు. మన ఆఫీసుల్లో, కాలేజీల్లో కూడా ఇది మీరందరూ చూసే ఉంటారు. నాకు మొదటామె మీద ఎంత గౌరవమో, రెండో ఆమె, పదో ఆమె, వందో ఆమె రావడానికి గుమ్మం కట్టినవాళ్ల మీద అంతకంటే ఎక్కువ గౌరవం. అందుకే ఇవాళ కాలేజీ గురించి మాట్లాడుతున్నాను.

ఫిలడెల్ఫియాలో క్వేకర్లని ఒక క్రైస్తవ శాఖ వాళ్లుండేవాళ్లు. వాళ్ల ప్రార్థనల్లో ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడొచ్చు, బానిసత్వానికి వ్యతిరేకం వాళ్లు. వాళ్లలో కొందరు డాక్టర్లు, డబ్బున్నవాళ్లు కలిసి ఈ కాలేజీ పెట్టారు. మొదటి బ్యాచ్‌లో ఆన్ ప్రెస్టన్ అనే ఆవిడ ఉంది. అప్పటికే ముప్పై ఏడో ఏడు నడుస్తోంది ఆవిడకి. బడిలో పాఠాలు చెప్పింది, ఆడవాళ్లకి శరీరం గురించి, ఆరోగ్యం గురించి క్లాసులు పెట్టింది, ఒక డాక్టరు దగ్గర రెండేళ్లు శిష్యరికం చేసింది, ఊళ్లో ఉన్న మగవాళ్ల కాలేజీలన్నిటికీ అప్లై చేస్తే ఒక్కటీ తీసుకోలేదు. ఆ వయసులో మళ్లీ బెంచీ మీద కూర్చుని మొదటినుంచి చదివింది. 1851 చివర్లో ఎనిమిది మంది పట్టాలు తీసుకున్నారు, గొడవ చేస్తామని మగ స్టూడెంట్లు బెదిరించడంతో పోలీసుల్ని పెట్టుకుని ఫంక్షన్ జరుపుకోవాల్సొచ్చింది. ఎనిమిది మంది ఆడవాళ్లు కాగితం చుట్ట చేత్తో పుచ్చుకోవడానికి పోలీసు కాపలా!

డిగ్రీ వచ్చింది సరే, రోగుల్ని చూడకుండా డాక్టరెలా అవుతారు? ఆస్పత్రులు రానివ్వవు. 1858లో ఊరి డాక్టర్ల సంఘం ఈ ఆడ డాక్టర్లతో ఎవరూ సంబంధం పెట్టుకోకూడదన్నట్టు తీర్మానమే చేసింది. కులం నుంచి వెలేసినట్టే కదండీ అది. ఆన్ ప్రెస్టన్ ఏం చేసిందంటే, గుర్రబ్బండిలో ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగు చేసి, ఆడవాళ్లకే ఒక ఆస్పత్రి పెట్టించింది, 1861లో. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం మొదలైన ఏడాది. మనిషి చూస్తే బక్కపల్చన, కీళ్లవాతం, ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో మంచం మీదే. అయినా వదల్లేదు. 1866లో ఆ కాలేజీకి డీన్ అయ్యింది, ఒక మెడికల్ కాలేజీకి ఆడమనిషి డీన్ అవ్వడం అదే మొదలు.

ఇప్పుడు 1869 నవంబర్ 6 గురించి చెప్పాలి. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను, తొందరపడకండి.

పెన్సిల్వేనియా హాస్పిటల్ అని ఆ ఊళ్లో పెద్ద ఆస్పత్రి. శనివారాలు అక్కడ క్లినిక్ లెక్చరు, అంటే గుండ్రంగా మెట్లున్న హాల్లో స్టూడెంట్లు కూర్చుంటే కింద మధ్యలో రోగిని పెట్టి ప్రొఫెసరు పాఠం చెప్తాడు. దానికి మా అమ్మాయిల్ని కూడా రానివ్వండి అని ఆన్ ప్రెస్టన్ ఎన్నాళ్లనుంచో అడిగితే సరేనన్నారు. ఆ రోజు ముప్పై మంది దాకా అమ్మాయిలు వెళ్లారు. మగపిల్లలు వందల్లో ఉన్నారు, ముందే విషయం తెలిసి అన్ని కాలేజీల నుంచీ వచ్చి కూర్చున్నారు. అమ్మాయిలు లోపలికి అడుగుపెట్టగానే ఈలలు, కేకలు. కాగితాల ఉండలు, నమిలిన పొగాకు ముద్దలు మీదికి విసిరారు. పొగాకు ఉమ్ములు వాళ్ల గౌన్ల మీద పడ్డాయి. పాఠం అయ్యేదాకా ఒక్కమ్మాయి కూడా లేవలేదు. బయటికొచ్చాక వీధిలో కూడా వెంటపడ్డారు, రాళ్లేశారు.

పేపర్లలో వచ్చింది. అప్పుడు ఊళ్లో పెద్ద డాక్టర్లు, ప్రొఫెసర్లు అందరూ కలిసి సంతకాలు పెట్టి ఒక ప్రకటన ఇచ్చారు. కుర్రాళ్లు చేసింది తప్పని అనుకుంటున్నారేమో, కాదండి. ఆడా మగా ఒకే హాల్లో కూర్చుని రోగి శరీరం చూడటం సభ్యత కాదు, అందుకని ఆడవాళ్లని రానివ్వకూడదు అని. దానికి ఆన్ ప్రెస్టన్ ఇచ్చిన జవాబులో ఒక వాక్యం ఉంది, దాని సారం ఇది: ఆడవాళ్లని రోగులుగా ఎక్కడికి తీసుకురావడం మర్యాదే అని మీరు అనుకుంటున్నారో, అక్కడికి ఆడవాళ్లు డాక్టర్లుగా, స్టూడెంట్లుగా రావడం కూడా మర్యాదే. ఎంత సూటిగా ఉందో చూడండి. ఆడమనిషిని అంతమంది మగవాళ్ల మధ్య బల్ల మీద పడుకోబెట్టినప్పుడు గుర్తురాని సభ్యత, ఆడమనిషి నోట్‌బుక్ పట్టుకుని పైన బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎందుకు గుర్తొస్తుంది? ఆ అమ్మాయిలు క్లినిక్‌కి వెళ్లడం మానలేదు. ఆ రోజు ఆ హాల్లో కూర్చున్న అన్నా బ్రూమాల్ అనే అమ్మాయి తర్వాత అదే కాలేజీలో ప్రసూతి శాస్త్రం ప్రొఫెసర్ అయ్యింది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకెళ్తే తప్పవుతుంది. తెల్లవాళ్ల ఆడపిల్లలకే ఇంత కష్టంగా ఉంటే నల్లవాళ్ల సంగతి ఆలోచించండి. రెబెక్కా లీ క్రంప్లర్, బోస్టన్‌లో ఆడవాళ్ల మెడికల్ కాలేజీలోనే చదివి 1864లో డాక్టరయ్యింది, అమెరికాలో డాక్టరైన మొదటి నల్లజాతి మహిళ. ఆ ఏడాదికి ఇంకా యుద్ధం నడుస్తోంది, దక్షిణాదిన ఇంకా బానిసలున్నారు. యుద్ధం అయిపోయాక ఆవిడ దక్షిణాదిన రిచ్‌మండ్ అనే ఊరికి వెళ్లి, అప్పుడే విడుదలైన బానిసలకి వైద్యం చేసింది. 1883లో పుస్తకం కూడా రాసింది, ఆడవాళ్ల ఆరోగ్యం, పసిపిల్లల ఆరోగ్యం మీద. ఆవిడ ఫొటో ఇదీ అని గట్టిగా చెప్పదగ్గది ఒక్కటి కూడా మిగల్లేదు. సమాధి మీద పేరున్న రాయి పెట్టింది 2020లో. రెండో ఆవిడ రెబెక్కా కోల్, మన ఫిలడెల్ఫియా కాలేజీలోనే 1867లో పాసైంది, తర్వాత న్యూయార్క్ వెళ్లి ఎలిజబెత్ బ్లాక్‌వెల్ పెట్టిన ఆస్పత్రి తరఫున పేదల ఇరుకిళ్లకి వెళ్లి తల్లులకి పిల్లల్ని ఎలా చూసుకోవాలో చెప్పేది. ఇప్పుడు మన ఆశా వర్కర్లు చేసే పని లాంటిది, డాక్టరై ఉండి చేసింది.

ఇప్పుడు 1883కి వద్దాం. ఈ సంవత్సరం నాకు చాలా ఇష్టం.

ఆ ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడెక్కింది ఆనందీబాయి, పద్దెనిమిదేళ్లు. తొమ్మిదో ఏట పెళ్లి, పద్నాలుగో ఏట బిడ్డ, బిడ్డ పది రోజులకే పోయాడు. వైద్యం అందక పోయాడనే బాధలోంచి పుట్టింది ఈ చదువు ఆలోచన. భర్త గోపాలరావు పోస్టాఫీసులో ఉద్యోగం, భార్య చదవాలని పట్టుబట్టిన మనిషి, కాస్త మొండి మనిషి కూడా. ఊరంతా ఒకటే తిట్లు, సముద్రం దాటితే బ్రాహ్మణ్యం పోతుందని. వెళ్లేముందు శ్రీరాంపూర్ కాలేజీలో జనాన్ని పిలిచి ఆవిడే స్వయంగా ఇంగ్లీషులో మాట్లాడింది, నేనెందుకు వెళ్తున్నానో వినండి, హిందువుగా వెళ్తాను, హిందువుగానే తిరిగొస్తాను అని. కాలేజీకి రాసిన దరఖాస్తులో ఏమందంటే, మా దేశంలో ఆడవాళ్లు మగ డాక్టరు చేత చూపించుకోవడం కంటే చచ్చిపోవడమే నయమనుకుంటారు, వాళ్లకోసం నాకీ చదువు కావాలి అని. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఎలిజబెత్‌తో ఆ చనిపోతున్నావిడ అన్నమాట. అదే మాట కదా ఇది. జూన్‌లో న్యూయార్క్‌లో దిగింది. అప్పటి డీన్ రేచల్ బాడ్లీ చేర్చుకుంది.

అదే 1883లో, ఆనంది అటు దిగిన రెండు మూడు నెలలకే, అదే కాలేజీలో 1879లో పాసైన ఇరవయ్యేడేళ్ల అన్నా కుగ్లర్ అటునుంచి ఓడెక్కింది. ఏడాది చివరికి గుంటూరు వచ్చింది. ఒకమ్మాయి ఇక్కడ్నుంచి అక్కడికి చదవడానికి, ఒకమ్మాయి అక్కడ చదువుకుని ఇక్కడికి పని చెయ్యడానికి, ఒకే ఏడాది, ఒకే కాలేజీ గుమ్మం. ఒకళ్లనొకళ్లు కలిశారా అని వెతికాను కానీ అలాంటిదేం కనపడలేదు. కలవకపోయినా సరే, ఆ రెండు ఓడల్నీ పక్కపక్కన పెట్టి ఊహించుకుంటూ ఉంటాను నేను.

కుగ్లర్ అంతకుముందు నారిస్‌టౌన్ అని ఊళ్లో మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేసింది. ఆడరోగుల విభాగానికి పెద్ద ఆలిస్ బెన్నెట్, ఈవిడా ఆ కాలేజీ అమ్మాయే, రోగుల్ని పట్టీలతో, గొలుసులతో కట్టెయ్యడం మాన్పించిన మనిషి. అక్కడ మంచి ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉండగా గుంటూరు మిషన్ నుంచి ఉత్తరం వచ్చింది, ఇక్కడ ఆడ డాక్టరు లేక ఆడవాళ్లు పోతున్నారని. సరే వస్తానంది. తీరా చూస్తే ఆ మిషన్ నడిపే లూథరన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ల బోర్డు ఆడవాళ్ల వైద్యానికి డబ్బు పెట్టడానికి ఇంకా సిద్ధంగా లేదు, ఘోషాలో, అంటే పరదా చాటున, ఉన్న ఆడవాళ్లకి పాఠాలు చెప్పే టీచర్‌గా పంపింది. డాక్టరమ్మని టీచరమ్మగా పంపించారు. ఆవిడ పాఠాలూ చెప్పింది, చెప్తూనే ఇళ్లకి వెళ్లి రోగుల్నీ చూసింది. రెండేళ్లకి గానీ వైద్యం కోసమని అధికారికంగా నియమించలేదు. అక్కడి ఆడవాళ్ల సంఘాలు చందాలు పోగుచేసి పంపితే, డిస్పెన్సరీ అయ్యి, 1898లో ఆస్పత్రి తెరిచారు. వచ్చిన ఏడాదికీ ఆస్పత్రికీ మధ్య పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఎక్కువ భాగం మన ఎండల్లోనే.

వాళ్లు మతం కోసం వచ్చారు, అది దాచాల్సిన పని లేదు, కుగ్లర్ కూడా దాచలేదు. దాని గురించి మీలో కొందరికి వేరే అభిప్రాయం ఉండొచ్చు, ఉండాలి కూడా. మా అమ్మమ్మ మడీ ఆచారం మనిషి. మగ డాక్టరు నాడి చూస్తానంటే చేతిమీద చెంగు కప్పి ఇచ్చేది. అలాంటి మనిషి ఆరు కాన్పుల్లో చివరి మూడూ మిషనాస్పత్రిలో పోసుకుంది, ముందు మూడింట్లో ఇద్దరు పోయారు కాబట్టి. ఇంటికొచ్చి తలంటు పోసుకుని మైల వదిలించుకునేదట. అయినా మళ్లీ వెళ్లేది. విశాఖపట్నం వాళ్లెవరైనా ఉంటే, అక్కడ ఘోషా ఆస్పత్రి అని ఇప్పటికీ అంటారు చూడండి, ఆ పేరులోనే ఉంది అప్పటి ఆడవాళ్ల అవసరం. కుగ్లర్ 1930లో ఇక్కడే, గుంటూరులోనే పోయింది. ఈ ఊరొచ్చి అప్పటికి నలభై ఏడేళ్లు.

ఇంకొక్కళ్ల గురించి చెప్పాలి, సూజన్ లా ఫ్లెష్. ఈవిడ ఆనంది పుట్టిన ఏడే, 1865లోనే పుట్టింది, నెబ్రాస్కాలో ఒమాహా అనే ఆదివాసీ తెగలో. చిన్నప్పుడు ఒక ముసలావిడకి జబ్బు చేస్తే ఆ రాత్రి పక్కన కూర్చుంది. ప్రభుత్వం పెట్టిన తెల్ల డాక్టరుకి నాలుగుసార్లు కబురు పంపారు, నాలుగుసార్లూ వస్తానన్నాడు, రాలేదు. తెల్లారేసరికి ముసలావిడ పోయింది. ఆదివాసీ మనిషేగా పోతేపోయిందిలే అనుకున్నాడని ఆ పిల్లకి ఆ వయసులోనే అర్థమైపోయింది. 1886 మార్చిలో ఆనంది పట్టా పుచ్చుకుంటే, అదే ఏడాది అక్టోబర్లో సూజన్ చేరింది. 1889లో ముప్పై ఆరుమందిలో మొదటి స్థానంలో పాసైంది. అమెరికా ఆదివాసీల్లో మెడికల్ డిగ్రీ తీసుకున్న మొదటి మహిళ. ఏ పట్నంలోనో హాయిగా ఉండొచ్చు. వెనక్కెళ్లింది. పన్నెండు వందల మందికి పైగా ఉన్న తెగకి ఒక్కతే డాక్టరు, గుర్రం మీద, బండిలో, మంచులో తిరిగేది. రాత్రిళ్లు ఎవరికైనా అవసరమైతే దారి తెలియాలని కిటికీలో లాంతరు పెట్టి ఉంచేదట. క్షయ ఎలా అంటుకుంటుందో చెప్పి, అందరూ ఒకే గ్లాసుతో నీళ్లు తాగడం మాన్పించడానికి పోరాడింది, ఈగల మీద పోరాడింది, సారా మీద పోరాడింది, భూముల కోసం వాషింగ్టన్ దాకా వెళ్లి పోరాడింది. 1913లో వాల్ట్‌హిల్ అనే ఊళ్లో ప్రభుత్వం పైసా లేకుండా చందాలతో ఆస్పత్రి కట్టించింది. ఇంకో రెండేళ్లకి క్యాన్సర్‌తో పోయింది, యాభై ఏళ్లు.

నాకు వీళ్లందర్నీ చదువుతుంటే ఒక విషయం పదేపదే మనసులో మెదిలేది, మీకూ చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. వీళ్లు లోపలికి రావడానికి వాడిన తాళంచెవి ఏంటంటే సిగ్గు. ఆడవాళ్లు మగవాళ్ల ముందు ఒళ్లు చూపించకూడదు అన్నారు కదా, అయితే ఆడ డాక్టర్లు కావాలి, అయితే మమ్మల్ని చదివించండి అని అడిగారు. ఏ కట్టుబాటుతో ఇంట్లో కూర్చోబెట్టారో దాన్నే చూపించి బయటికొచ్చారు. ఆనందికి అది ఎత్తుగడ కాదు, మనసులోంచి వచ్చిన మాట, బిడ్డని పోగొట్టుకుంది. కానీ ఆ తాళంచెవితో ఒక గదే తెరుచుకుంటుందండి. సరే, ఆడవాళ్లకీ పిల్లలకీ మీరు వైద్యం చేసుకోండి, గుండె, మెదడు, ఎముకలు మాకొదిలెయ్యండి అన్నారు. ఇప్పటికీ మన దగ్గర అమ్మాయి ఎంబీబీఎస్ అవ్వగానే గైనిక్ చెయ్యమ్మా అంటారా అనరా? ఆర్థో చేస్తానంటే ఇంట్లో గొడవ. ఆ గోడ అప్పటిదే.

తర్వాతేమైందో త్వరగా చెప్పేస్తాను, టైము చూపిస్తున్నారు. 1893లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది. డబ్బు చాలకపోతే మేరీ గారెట్ అనే ఆవిడ, స్నేహితురాళ్లు కలిసి ఐదు లక్షల డాలర్లు సమకూర్చారు, ఒక షరతు మీద: ఆడవాళ్లని మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలి. ఒప్పుకున్నారు. మిగతా మగ కాలేజీలు కొన్ని తెరిచాయి. ఇంక ఆడవాళ్లకి వేరే కాలేజీలెందుకు అని అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూతపడ్డాక మగ కాలేజీల్లో ఏడాదికి ఇంతమందే అని చెప్పీచెప్పకుండా కోటాలు. 1910లో డాక్టర్లలో ఆడవాళ్లు నూటికి ఆరుగురు, ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ లెక్క పెరగలేదు సరికదా తగ్గింది. హార్వర్డ్ మెడికల్ కాలేజీ ఆడవాళ్లని చేర్చుకుంది ఎప్పుడనుకున్నారు, 1945లో. మన మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే చేర్చుకుంది! అవన్నీ మూతపడ్డాక అమెరికాలో ఆడవాళ్ల మెడికల్ కాలేజీ అంటూ మిగిలింది మన ఫిలడెల్ఫియా కాలేజీ ఒక్కటే. అది 1970లో మగపిల్లల్ని కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. 1972లో చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని చట్టం వచ్చాక గానీ మిగతా చోట్ల లెక్క మారలేదు, అక్కడి మెడికల్ స్టూడెంట్లలో ఆడపిల్లలు సగం దాటింది 2019లో. ఆ కాలేజీ పాత కాగితాలు, ఫొటోలు ఇప్పుడు డ్రెక్సెల్ యూనివర్సిటీలో దాచారు.

ఎవరైనా అడగదల్చుకున్నది ఉంటే అడగండి.

(వెనక నుంచి ఒక అమ్మాయి: మేడం, ఆనందీబాయి తర్వాత ప్రాక్టీస్ చేశారా?)

లేదమ్మా. చలి, తిండి సరిపడక అక్కడే క్షయ పట్టుకుంది. అయినా చదువు ఆపలేదు, థీసిస్ హిందువుల ప్రసూతి వైద్యం మీద రాసింది, పట్టా ఇచ్చేరోజు పండిత రమాబాయి ఇంగ్లండు నుంచి వచ్చి చూసింది. కొల్హాపూర్ ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డుకి డాక్టరుగా ఉద్యోగం సిద్ధంగా ఉంది. 1886 చివర్లో తిరిగొచ్చింది, 1887 ఫిబ్రవరి 26న పుణెలో పోయింది. ఇరవై రెండు నిండలేదు.

అమెరికాలో ఆవిడని తన ఇంట్లో పెట్టుకుని చూసుకున్నావిడ పేరు థియోడిషియా కార్పెంటర్. న్యూజెర్సీలో ఉండేది. పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఒక పత్రిక తిరగేస్తుంటే, నా భార్యని చదివించాలి సాయం చెయ్యండి అని గోపాలరావు రాసిన ఉత్తరం అందులో కనపడిందట. దాంతో ఆవిడ ఆనందికి ఉత్తరం రాసింది, ఏళ్లతరబడి ఉత్తరాలు నడిచాయి, ఆనంది ఆవిడని మావుషీ అని పిలిచేది, మరాఠీలో పిన్ని, పెద్దమ్మ లాంటి వరస. ఆనంది పోయాక గోపాలరావు చితాభస్మం ఆవిడకి పంపాడు. పొకీప్సీ అని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఊరు, అక్కడి స్మశానంలో కార్పెంటర్ల కుటుంబానికి స్థలం ఉంది, వాళ్ల సొంతవాళ్ల మధ్యలోనే పెట్టి రాయి వేయించింది. నేను మా అల్లుడిని బతిమాలి తీసుకెళ్లమన్నాను, పాపని కూడా కార్ సీట్లో వేసుకుని వెళ్లాం. రాయి మీద ఆనందీబాయి జోషి అని, చదువు కోసం విదేశం వెళ్లిన మొదటి బ్రాహ్మణ మహిళ అని ఉంది. చుట్టూ అన్నీ కార్పెంటర్ల పేర్లే.